పాత ఇంటి గోడ నెమ్మెక్కితే ఖర్చెంత? అపోహలు - వాస్తవాలు

కర్నూలు పాతబస్తీలో పాత ఇళ్ల రిపేర్లు చేయించడం నా పని. ఫోన్ ఎత్తగానే చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, గోడ నెమ్మెక్కింది. అడుగుకు ఎంత తీసుకుంటావు?" చూడకుండా చెప్పలేనంటే కొందరికి కోపం వస్తుంది, వేరేవాళ్లను పిలుచుకుంటారు. వాళ్లలో సగంమంది ఏడాదో రెండేళ్లో ఆగి మళ్లీ నాకే ఫోన్ చేస్తారు. అప్పటికి ఒకసారి పెట్టాల్సిన ఖర్చు రెండుసార్లు పెట్టి ఉంటారు. ఈ రంగంలో నేను రోజూ వినే నమ్మకాలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: మరక ఎక్కడుంటే లీకు అక్కడే

ఒక అవ్వ ఇంటికి వెళ్లాను. మే నెల, బయట నిప్పులు చెరుగుతున్న ఎండ. పడకగది గోడ మాత్రం కింది నుంచి రెండడుగుల దాకా తడి. "మూడుసార్లు రంగు కొట్టించినా నాయనా, మూడు నెలలు కూడా నిలబడ్లేదు" అంది. వాన లేని నెలలో గోడ తడిగా ఉందంటే ఆ నీళ్లు ఆకాశం నుంచి వచ్చినవి కావు. ఇంట్లోవే. కానీ ఆ గోడకు దగ్గర్లో కుళాయి లేదు, పైపు లేదు. బాత్‌రూమ్ ఇంకో మూలన, రెండు గదుల అవతల ఉంది.

నేల మీద నాపబండలు పరిచి ఉన్నాయి. ఇనుప కడ్డీతో ఒక్కో బండా తట్టుకుంటూ పోయాను. గోడ పక్కనున్న బండ దగ్గర శబ్దం మొద్దుగా వచ్చింది. దాన్ని లేపితే కింద ఇసుక పిడికిట పట్టుకుంటే ముద్దయ్యేంత తడిగా ఉంది. బట్టలకు వేసే నీలిమందు సీసాడు బకెట్ నీళ్లలో కలిపి బాత్‌రూమ్ నహానీ ట్రాప్‌లో (నేలలో నీళ్లు బయటికి పోయే జాలీ గుంత) పోయించాను. మర్నాడు పొద్దున చూస్తే పడకగది బండ కింద ఇసుక లేత నీలం. ట్రాప్‌కూ పైపుకూ మధ్య అతుకు విడిపోయింది. స్నానం చేసిన ప్రతిసారీ కొన్ని నీళ్లు బండల కిందికి దిగి, వాలు ఎటుంటే అటు నడిచి ఆ గోడ కాళ్ల దగ్గర ఆగుతున్నాయి.

ఆ అతుక్కి పట్టిన సామాను ఏడొందల లోపే. బాత్‌రూమ్ నేల పగలగొట్టి మళ్లీ వేయడం, ప్లంబరు, బేల్దారి (తాపీ మేస్త్రీ), ఇద్దరు కూలీలు, రెండు రోజులు: అంతా కలిపి పది వేలు దాటలేదు. మూడుసార్ల రంగుకు అవ్వ కొడుకు పెట్టింది దానికి రెండింతలు.

అందుకే ఎవరు పిలిచినా ముందు చెప్పే పని ఒకటుంది. మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. వాన పడిన రోజుల్లో మాత్రమే గీత దాటితే మిద్దెనో గోడ పగులునో చూడాలి. వానతో సంబంధం లేకుండా రోజూ పెరుగుతుంటే పైపు. ఎండాకాలం తడి తగ్గినా, మరక అంచు మాత్రం ఎప్పుడూ నేల నుంచి ఒకే ఎత్తులో కట్టి ఉంటే భూమిలోంచి ఎక్కుతున్న చెమ్మ. గోడ లోపలి నుంచి తడి వస్తోందా, గదిలోని ఆవిరి గోడకు పడుతోందా అన్న అనుమానం ఉంటే వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ముక్క తీసుకుని నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి ఒక రోజు వదిలేయండి. చెమట ఫాయిల్ వెనక పడితే తడి గోడది. ముందు పడితే గదిది, కిటికీ తెరిస్తే చాలు. ఈ పరీక్షలకు నేను రానవసరం లేదు.

అపోహ: సిమెంటు కొడితే ఇక జన్మలో చెమ్మ రాదు

నాకు ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఈ నమ్మకమే. మన పాత ఇళ్ల గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవి, పైన సున్నం గార. పునాదికీ గోడకూ మధ్య తడిని ఆపే పొర ఏదీ ఉండదు. నేలలోని నీళ్లు ఉప్పును వెంటబెట్టుకుని కొంత ఎత్తు దాకా ఎక్కుతూనే ఉంటాయి. సున్నం గార ఆ తడిని బయటికి వదులుతుంది కాబట్టి ఎక్కిన నీళ్లు ఎక్కినట్టే ఆవిరైపోతాయి. దానిమీద సిమెంటు పూత వేశారంటే దారి మూసుకుపోతుంది. తడి ఎక్కడికీ పోదు, ఇంకా పైకి ఎక్కుతుంది. రెండడుగుల మరక నాలుగడుగులవుతుంది. ఉప్పు పూత వెనక గడ్డకట్టి, ఉబ్బి, సిమెంటును పలకలు పలకలుగా తోసేస్తుంది. ఊడేటప్పుడు అది ఒంటరిగా పోదు, లోపలి రాయి మధ్య మట్టిని కూడా పట్టుకుపోతుంది.

అలాంటి గోడకు సరైన మందు మరక పైన ఇంకో అడుగు దాకా పాత పూత గీకేసి, సందుల్లో పొడి మట్టి తీసేసి, ఆరనిచ్చి మళ్లీ సున్నంతోనే పూయడం. దీనికి సిమెంటు పూత కంటే ఎక్కువ అవుతుంది, ఆ మాట దాచను. సున్నం పని తెలిసిన బేల్దారులు తగ్గిపోయారు. పూతకూ పూతకూ మధ్య రోజులు ఆగాలి, కూలి పెరుగుతుంది. ఇటుకా సిమెంటుతో కట్టిన ఇంటికి మాత్రం సున్నం కోసం పరుగెత్తక్కర్లేదు, దానికి సిమెంటు పూతే సరిపోతుంది. గోడ దేనితో కట్టారో దాన్ని బట్టి మందు.

అపోహ: ఖర్చంతా సామానుదే

2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ఆ నెలలో నాకు బోలెడు ఫోన్లు, "ఇప్పుడు ఎంత తగ్గిస్తావు?" అని. లెక్క చూడండి. 100 చదరపు అడుగుల గోడకు అర అంగుళం పూత వేయడానికి పట్టే సిమెంటు సుమారు ఒక బస్తా. పన్ను తగ్గితే దానిమీద మిగిలేది ముప్పై రూపాయలు, అటూఇటూగా.

అదే 100 అడుగుల్లో అంగుళం మందం పాత పూత రాలగొడితే వచ్చే చెత్త దాదాపు నాలుగు క్వింటాళ్లు. పాతబస్తీ సందుల్లోకి ట్రాక్టర్ రాదు. ఆ నాలుగు క్వింటాళ్లూ తట్టలకెత్తి వీధి మొదటిదాకా నెత్తిన మోయాల్సిందే. ఇసుక లోపలికి మోయడం కూడా అంతే. కొత్త కాలనీలో చేసిన పనికీ ఇక్కడి పనికీ రేటు ఎందుకు తేడా అంటే మొదటి జవాబు ఆ సందు.

అపోహ: మిద్దె ఉరిస్తే పైన ఇంకో పొర వేస్తే సరి

దూలాలు, దంతెలు (దూలాల మీద అడ్డంగా వేసే సన్న కర్రలు), బండలు, ఆపైన మట్టి, చౌడు ఉన్న మిద్దె మీద ఒకటిన్నర అంగుళం సిమెంటు కాంక్రీటు వేశారనుకోండి. ప్రతి 100 చదరపు అడుగులకు ఎనిమిది క్వింటాళ్ల పైచిలుకు కొత్త బరువు. మోసేదేమో ఎన్నో ఏళ్లుగా తడిసి ఉన్న దూలం. దూలం మధ్యలో గట్టిగానే కనిపిస్తుంది, కుళ్లేది గోడలో దూరిన మొన దగ్గర. స్క్రూడ్రైవర్‌తో అక్కడ పొడిచి చూడండి. అంగుళం లోపలికి దిగిందంటే పొర సంగతి తర్వాత, ముందు దూలం కింద గుంజ పెట్టించండి.

చాలాసార్లు పొర అవసరమే ఉండదు. నీళ్లు పోయే దోనె మట్టితో పూడిపోయి ఉంటుంది, లేదా పిట్టగోడ మొదట్లో పగులు ఉంటుంది. వాలు సరిచేసి, దోనె బాగుచేసి, పగుళ్లు పూడిస్తే ఒక్క రోజు పని.

ఆర్‌సీసీ స్లాబు సంగతి వేరు. లోపలి కడ్డీ తుప్పు పడితే ఇనుము ఉన్న చోటుకు కనీసం రెండింతలు ఉబ్బుతుంది, అందుకే కింద పెచ్చులు రాలతాయి. పెచ్చు రాలినచోట పుట్టీ పెట్టి రంగు వేసే మేస్త్రీని దయచేసి ఇంట్లోకి రానివ్వకండి.

అపోహ: ఫ్యాన్లు పెడితే వారంలో ఆరిపోతుంది

పైపూత ఆరుతుంది, గోడ ఆరదు. అంగుళం మందానికి సుమారు నెల అనుకోండి. 18 అంగుళాల గోడకు రెండు వైపులా గాలి తగిలినా నెలలు పడుతుంది. మన ఎండలకు కాస్త ముందే ఆరుతుంది, అది మన అదృష్టం. 2009 అక్టోబర్ వరదలో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు నేను బేల్దారి దగ్గర కూలీగా ఉన్నాను. బురద కడిగిన నెలకే పూతలు వేయించుకున్న ఇళ్లలో మరుసటి ఏడాది మళ్లీ అదే పూత రాలగొట్టాం. ఎండాకాలం దాకా గోడలు బోడిగా వదిలేసినవాళ్లను అప్పట్లో పిసినారులన్నారు.

అపోహ: పాత ఇంటికి ఇన్సూరెన్స్ దండగ

2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇస్తున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో వరదా తుఫానులతో పాటు నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం, పొంగడం వల్ల జరిగే నష్టం కూడా ఉంది. బీమా మొత్తాన్ని లెక్కకట్టేది ఇంటిని మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు మీద, స్థలం ధర మీద కాదు. ఏళ్ల తరబడి మెల్లగా ఊరిన చెమ్మకు, అరుగుదలకు మాత్రం డబ్బు రాదు. పైపు పగిలిన రోజు మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది: చుట్టాలొస్తారని ఇల్లంతా కడిగి, పగిలిన పైపు ముక్కను పాత సామాన్ల వాడికి వేసేస్తారు. ముందు మెయిన్ స్విచ్ ఆపండి, నీళ్ల వాల్వు కట్టేయండి, ఫోటోలు తీయండి, కంపెనీకి చెప్పండి. నష్టం లెక్కకట్టే కంపెనీ సర్వేయర్ వచ్చి చూసేదాకా ఆ పైపు ముక్క సంచిలో ఉండనివ్వండి.