పోస్టరు ఆంధ్రాలో, కాలేజీ ఒడిశాలో: పిల్లల పూచీ ఎవరిది?

డిసెంబరు నుంచి మార్చి దాకా సైన్సు సదస్సుల కాలం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కాలేజీల్లో చదివే తెలుగు పిల్లలు తమ పరిశోధన చూపే పోస్టరు గొట్టం భుజాన వేసుకుని విశాఖ వైపో శ్రీకాకుళం వైపో బయల్దేరతారు. పర్లాకిమిడి వాళ్లకి శ్రీకాకుళం రెండు గంటల బస్సు, భువనేశ్వర్ అయితే రాత్రి ప్రయాణం. మహారాష్ట్రలో సిరోంచ వాళ్లకీ అంతే, జిల్లా కేంద్రం గడ్చిరోలి కంటే నది దాటితే వచ్చే మంచిర్యాలే దగ్గర. దగ్గరే గానీ వేరే రాష్ట్రం. అక్కడ ఎవరైనా లైంగికంగా వేధిస్తే ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలనేది ఏటా లేచే ప్రశ్నే.

ఈసారి దానికి రెండు కారణాలు తోడయ్యాయి. 2025 జులైలో బాలాసోర్ ఫకీర్ మోహన్ కాలేజీలో విభాగాధిపతి మీద ఫిర్యాదు చేసిన విద్యార్థిని ప్రాణం పోయాక, కాలేజీలన్నీ లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీలు వెంటనే వేసుకోవాలని ఒడిశా ప్రభుత్వం ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, నిందితుడు వేరే శాఖ ఉద్యోగి అయినా సరే, బాధితురాలు తన కార్యాలయం కమిటీ దగ్గరే ఫిర్యాదు చేయవచ్చని తేల్చింది. "మీ పిల్ల మీ కమిటీకే చెప్పుకోవాలి" అని చేతులు దులుపుకునే ఆతిథ్య కాలేజీలకి ఇప్పుడు ఆ తీర్పు ఒక సాకుగా దొరికింది.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 1997 నాటి విశాఖ తీర్పు (అది రాజస్థాన్ కేసు వేసిన సంస్థ పేరు, మన విశాఖపట్నానికి సంబంధం లేదు), 2013 చట్టం అందరూ ఎరిగినవే. సదస్సుకి వెళ్లే విద్యార్థి విషయంలో అసలు మలుపు 2016 మే 2న వచ్చింది. ఆ రోజు గెజిట్‌లో వచ్చిన యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2015 నిబంధనల్లో, నిర్వచనాల భాగంలో, "విద్యార్థి" అంటే ఎవరో చెప్పే చోట ఒక మినహాయింపు వాక్యం ఉంది. నిర్వచనాలు ఎవరూ చదవరు కాబట్టి అది అక్కడే మరుగున పడి ఉంది. దాని సారం ఇది: ఒక విద్యాసంస్థ విద్యార్థి మరో విద్యాసంస్థలో ఏదైనా కార్యక్రమంలో పాల్గొంటూ వేధింపుకి గురైతే, ఆ సంఘటన మట్టుకు ఆ విద్యార్థిని అది జరిగిన సంస్థ విద్యార్థిగానే చూడాలి.

అంటే బరంపురం అమ్మాయి విశాఖలో పోస్టరు పెట్టిన రోజున విశాఖ కాలేజీ విద్యార్థే. "మా రోల్స్‌లో లేదు" అన్న జవాబు చెల్లదు. అవే నిబంధనల్లో "క్యాంపస్" నిర్వచనం ఇంకోవైపు నుంచి వస్తుంది. విద్యార్థి హోదాలో వెళ్లిన చోట్లు, క్షేత్ర పర్యటనలు, శిబిరాలు, సంస్థ ఏర్పాటు చేసిన వాహనం, అన్నీ పంపిన కాలేజీ ఆవరణ కిందికే వస్తాయి. కాబట్టి పంపిన కాలేజీ కూడా "అక్కడ జరిగిందానికి మేమేం చేస్తాం" అనడానికి లేదు. పైగా 2013 చట్టం స్త్రీల వరకే ఆగితే, ఈ నిబంధనలు మగపిల్లల్నీ థర్డ్ జెండర్ విద్యార్థుల్నీ కూడా గుర్తించాయి.

నిర్వాహకుల మాట కూడా చెప్పాలి. సదస్సు మా కాలేజీది కాదు, ఫలానా సొసైటీది, మేం హాలు మాత్రం ఇచ్చాం అంటారు. కొన్నిసార్లు అది నిజమే. కానీ కన్వీనరు ఆ కాలేజీ అధ్యాపకుడై, ప్రిన్సిపాల్ అనుమతి ఉండి, బస కాలేజీ హాస్టల్లో అయితే అది ఆ కాలేజీ కార్యక్రమం కాదనడం కష్టం. సదస్సు పూర్తిగా హోటల్లో జరిగి, సొసైటీకి పదిమంది సిబ్బంది కూడా లేకపోతే, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి.

వాదన తేలేది చాలావరకు ఒక కాగితం మీద. అది పంపిన కాలేజీ ఇచ్చే డెప్యుటేషన్ ఉత్తర్వు. పిల్లలు ఓ.డి. (ఆన్ డ్యూటీ) లెటర్ అనేది దీన్నే. చాలాచోట్ల అటెండెన్సు కోసం తిరిగొచ్చాక రాయించుకుంటారు. అప్పటికే ఏదైనా జరిగి ఉంటే "సెలవు పెట్టి సొంతంగా వెళ్లింది" అనే మాట పుడుతుంది. ఉత్తర్వు బయల్దేరక ముందే తీసుకోవాలి. అందులో రిజిస్ట్రేషన్ నంబరు, సదస్సు పేరు, ప్రయాణపు రోజులతో కలిపి తేదీలు, వెంట వెళ్లే అధ్యాపకురాలి పేరు, బస ఎక్కడో ఉండాలి. ఒక ప్రతి ఇంట్లో ఉంచాలి. బ్రోచర్, రిజిస్ట్రేషన్ రసీదు, గది కేటాయింపు మెసేజి ఫోన్లో దాచాలి. సదస్సు అయిపోగానే వాట్సాప్ గ్రూపు రద్దు చేస్తారు, దాంతో ఆధారాలూ పోతాయి. అసలు ఆ గ్రూపుల్లోనూ అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశాల) పుస్తకాల్లోనూ అమ్మాయిల ఫోన్ నంబర్లు అందరికీ కనపడేలా పెట్టడమే చాలా వేధింపులకి మొదలు. ఈమెయిల్ ఒక్కటి అచ్చువేస్తే సరిపోతుంది.

రెండో చిక్కు డబ్బు. విద్యార్థి ముందు సొంత డబ్బుతో టికెట్టు, ఫీజు కట్టాలి. తర్వాత టికెట్లు, పాల్గొన్న సర్టిఫికెట్ జతచేసి టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు పెడితే నెలల తర్వాత వస్తుంది. ఆ బిల్లు మీద సంతకం పరిశోధన చూసే గైడుది. డబ్బు లేని పిల్లకి టికెట్టు తీసేదీ, గది చూసేదీ ఆ గైడే అయినప్పుడు నోరు లేవదు. అడ్వాన్సు ఇచ్చే కాలేజీల్లో ఈ ఒత్తిడి సగం తగ్గుతుంది. విచారణ నడిచేటప్పుడు నిందితుడు ఫిర్యాదుదారు పనిని గానీ పరీక్షల్ని గానీ మూల్యాంకనం చేయకుండా ఆపమని కమిటీ సిఫార్సు చేయవచ్చు. బిల్లు సంతకం సంగతి అందులో విడిగా రాసి లేదు. దాన్నీ వేరొకరికి అప్పగించమని ఫిర్యాదులోనే అడగాలి.

ఫిర్యాదు ఇవ్వడానికి గడువు మూడు నెలలు. జనవరి చివర జరిగితే ఏప్రిల్ చివరికల్లా ఇవ్వాలి. తగిన కారణం రాస్తే కమిటీ మరో మూడు నెలలు ఇవ్వగలదు. 2013 చట్టం నియమాల ప్రకారం ఆరు ప్రతులు, సాక్షుల పేర్లు, చిరునామాలు కావాలి. యూజీసీ లెక్కలో ఫిర్యాదు కాపీ నిందితుడికి ఏడు రోజుల్లో అందాలి, అతని జవాబుకి పది రోజులు, విచారణకి 90 రోజులు, ఆ తర్వాత పది రోజుల్లో నివేదిక. విద్యార్థుల కేసుల్లో కమిటీలో ఎన్నికైన ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూర్చోవాలి. ఆ ఎన్నిక పెట్టని కాలేజీల్లో విచారణ ఇక్కడే ఆగుతుంది.

సరిహద్దు పిల్లలకి ఇంకో ఇబ్బంది భాష. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ రాయలేని వాళ్లు చాలామంది. రాసివ్వమంటే అక్కడే వెనకడుగు. నిజానికి రాయలేకపోతే నోటితో చెప్పినదాన్ని రాతలో పెట్టడానికి సాయపడడం కమిటీ బాధ్యతే. తెలుగులో చెప్పి, రాయించి, చదివించుకుని విన్నాకే సంతకం పెట్టాలి.

పోలీసుల దగ్గరికి వెళ్లాలనుకుంటే 2024 జులై 1 తర్వాత దారి సులువైంది. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. విశాఖలో జరిగింది బరంపురంలో చెప్పవచ్చు, రైల్లో జరిగింది ఇచ్ఛాపురంలో దిగి చెప్పవచ్చు. రైల్లో ఉండగానే సాయం కావాలంటే 139కి ఫోను చేయాలి.

బడిపిల్లల సంగతి పూర్తిగా వేరు. 1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కి వెళ్లేవాళ్లు 10 నుంచి 17 ఏళ్ల వాళ్లు. వాళ్ల మీద లైంగిక నేరం జరిగితే 2012 పోక్సో చట్టమే. కాలేజీల కమిటీల మాదిరి మూడు నెలల గడువు లేదు, రాజీ లేదు. సంగతి తెలిసిన టీచరు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు, తన కింది ఉద్యోగి చేసినదాన్ని దాచిన సంస్థ అధిపతి అయితే ఏడాది వరకు జైలు. "పిల్ల భవిష్యత్తు" పేరుతో హెడ్మాస్టర్ గదిలోనే సర్దేయడం నేరం.

ఇక డిసెంబరు తీర్పు. అది 2013 చట్టం కింద ఉద్యోగుల కేసు. బాధితురాలికి తన దగ్గరి కమిటీ అందుబాటులో ఉండాలని చెప్పిందే తప్ప, జరిగిన చోటి సంస్థ బాధ్యతని తీసెయ్యలేదు. అందుకే విశాఖలో ఇచ్చే ఫిర్యాదు మొదటి పేరాలోనే 2016 మే 2న గెజిట్‌లో వచ్చిన యూజీసీ 2015 నిబంధనల్లో "విద్యార్థి" నిర్వచనాన్ని ప్రస్తావించి, డెప్యుటేషన్ ఉత్తర్వు జతచేసి, ఇంకో ప్రతిని పంపిన కాలేజీ కమిటీకి అదే రోజు ఈమెయిల్ చేయడం మంచిది.