పగటివేషం తిట్టు ఎలా అయింది?

ఎన్నికలు దగ్గరపడితే బెజవాడ సభల్లో ‘పగటివేషగాడు’ అన్న తిట్టు ఊపందుకుంటుంది. పార్టీ మారినవాడికీ, మాట తప్పినవాడికీ అదే బిరుదు. ఈ పోలికకు నొచ్చుకోవలసింది నిజానికి పట్టపగలు ఊరి వీధుల్లో వేషాలు కట్టి ఆడే పగటివేషగాళ్లే.

శివరాత్రికి శ్రీశైలంలో గంధర్వులుగా, యక్షులుగా వేషాలు కట్టి ఆడిపాడేవారని పాల్కురికి సోమనాథుడే రాశాడు. ఇక విజయవాడకు బస్సు దూరంలో ఉన్న కూచిపూడి భాగవతులు వేషాన్ని ఏకంగా ఫిర్యాదుగా వాడారని మాచుపల్లి కైఫియతు, అంటే ఆ ఊరి పాత చరిత్ర రాత, చెబుతుంది. సిద్ధవటం సీమను ఏలే సమ్మెట గురవరాజు డబ్బు కోసం ఆడవాళ్లను హింసించడం చూసి, విజయనగర సామ్రాజ్య రాజధానిలో వీరనరసింహరాయల ఎదుట ఆ ఘోరాన్నే ఆడి చూపించారట. ఒకరు గురవరాజు, ఒకరు అతని చేతికి చిక్కిన ఇల్లాలు. రాయలకు సంగతి అర్థమైంది, సైన్యం కదిలింది. అదే మాట అర్జీగా రాసిస్తే ఏమయ్యేదో!

వెనిస్ కార్నివాల్‌లో ముసుగు వేసుకునేది ఎవరో తెలియకుండా తిరగడానికి. మన పగటివేషానికి తొడుగు అరుదు. రంగు, మీసం, గొంతు చాలు. అర్ధనారీశ్వర వేషమే చూడండి. ముఖంలో ఒక సగం మీసం, విభూతి. రెండో సగం కాటుక, ముక్కుపుడక. చేతిలోని తెర అటు జరిగితే అయ్యవారు, ఇటు జరిగితే అమ్మవారు. తెరతోపాటే గొంతూ మారాలి, అసలు కష్టం అక్కడే. సోమయాజి, అంటే యజ్ఞం చేసిన బ్రాహ్మణుడి, వేషం కట్టేవాడికి మంత్రాలు స్వరంతో రావాలి. అగ్రహారం నడిబొడ్డున అగ్రహారాన్నే ఎగతాళి చేస్తూ తప్పు పలికితే ఊరుకుంటారా? ఖాకీ బట్టలు, టోపీ, కొయ్య తుపాకీతో కోతలు కోసే పిట్టలదొర ఆ తర్వాతివాడు, దొరల కాలం వాడు.

ఆడవేషంతోనే బాపట్ల బిడ్డ స్థానం నరసింహారావు తెనాలి నాటక సమాజంలో వెలిగి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వీధిలోని వేషగాడికి మాత్రం ఆ అదృష్టం లేదు. సినిమా వచ్చింది, సంభావన ఇచ్చే చేతులు తగ్గాయి. పాటా మాటా జారిపోయి రంగు మాత్రమే మిగిలాక, చూసేవాళ్లకు అది బిచ్చంలా, మోసంలా తోచింది.

అసలు పద్ధతి వేరు. ఊళ్లో దిగి రోజుకో వేషం వేసేవారు. చివరి రోజు మాత్రం రంగు లేని ముఖాలతో ఇంటింటికీ వచ్చి, మొన్నటి బైరాగిని నేనే, నిన్నటి దొరనూ నేనే అని చెప్పి సంభావన అడిగేవారు. బైరాగి నిజమనుకుని దండం పెట్టిన ఇల్లాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, చేటలో ఇంకో గుప్పెడు బియ్యం ఎక్కువే వేసేది.