ప్యాకేజీ బ్రేక్ అయింది అంటే ఏంటనుకుంటాండారో, అసలు ఏంటో

అనంతపురంలో ఇంట్లో కూర్చొని డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) ప్యాకేజీలు, అంటే ఇన్‌స్టాల్ చేసుకునేటట్లు కట్టిన సాఫ్ట్‌వేర్ మూటలు, సరిచేస్తాంటా అంటే సగం మంది కొరియర్ ప్యాకింగ్ అనుకుంటారు. మిగతా సగం సాఫ్ట్‌వేర్ వాళ్లే, వాళ్ల అపోహలు ఇంకా పెద్దవి.

అపోహ: బిల్డ్ (కోడ్‌ని ప్యాకేజీగా తయారుచేసేది) అయిందంటే పని అయినట్టే.

శెనక్కాయ పైకి నిండుగానే కనపడుతాది, వొలిస్తే గదా తాలో కాదో తెలిసేది. 2023 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.12లో డిస్ట్‌యూటిల్స్ (పైథాన్ ప్రోగ్రాముల్ని ప్యాక్ చేసే పాత మాడ్యూల్) తీసేసినారు, తీసేస్తామని 3.10 నుంచే వార్నింగ్ వస్తానే ఉండె, ఎవురు చూసినారు. మా పక్కింటి బీటెక్ తమ్ముడొకడు నా దగ్గర నేర్చుకుంటాండాడు, వానికి ఒక చిన్న టూల్ అప్పజెప్తే గంటలో "అన్నా అయిపాయ, బిల్డ్ అయింది, పంపిద్దామా" అన్నాడు. ఖాళీ సీహెచ్‌రూట్‌లో (వేరేవేవీ లేని విడి సిస్టమ్ లాంటిది) ఎస్‌బిల్డ్ అనే బిల్డ్ టూల్‌తో చేపిస్తే డిస్ట్‌యూటిల్స్ లేదని మొదట్లోనే ఆగిపాయ. వాని ల్యాప్‌టాప్‌లో ఎట్లయిందంటే అక్కడ సెటప్‌టూల్స్ అనే ప్యాకేజీ ముందే ఉంది, అది డిస్ట్‌యూటిల్స్ కాపీ ఒకటి కడుపులో పెట్టుకొని అడిగినోళ్లకి అదే ఇస్తాది. సరే, బిల్డ్ డిపెండెన్సీల్లో (బిల్డ్‌కి కావాల్సిన వాటి లిస్టు) సెటప్‌టూల్స్‌ని రాసినాడు, పాసయింది. ఇన్‌స్టాల్ చేసి హెల్ప్ కొడితే వచ్చింది, వెర్షన్ కొడితే వచ్చింది, అసలు పనిచేసే సబ్‌కమాండ్ కొడితే క్రాష్. ఆ ఫంక్షన్ లోపల వెర్షన్లు పోల్చేదానికి డిస్ట్‌యూటిల్స్‌లోని లూజ్‌వెర్షన్‌ని పిలిచినారు, బిల్డ్ అప్పుడు ఆ లైను దాకా ఎవురు పోతారు? ప్యాకేజింగ్ మాడ్యూల్‌లోని వెర్షన్‌కి మార్చినాం, అక్కడా చూసుకోవాల, లూజ్‌వెర్షన్ ఎంత చెత్త నంబరైనా మింగుతాది, ఇది పద్ధతిగా లేకపోతే ఎర్రర్ ఇస్తాది. ఆ సబ్‌కమాండ్‌నే నడిపే రెండు లైన్ల ఆటోప్యాకేజ్‌టెస్ట్ (ఇన్‌స్టాల్ అయినాక ప్యాకేజీని పరీక్షించేది) రాసినాకే పంపినాం.

అపోహ: ప్యాకేజీ చెడిందంటే దాన్ని రాసినోడు ఏదో కెలికినాడు.

చాలాసార్లు వాడు ఒక్క అక్షరం ముట్టుకొని ఉండడు. 32 బిట్ మెషిన్లలో టైం లెక్క 2038 జనవరి 19న నిండిపోతాది, అందుకే డెబియన్ వాళ్లు 2024లో దాన్ని 64 బిట్లకి పెంచినారు (ఐ386 అనే పాత 32 బిట్ ఇంటెల్ రకాన్ని మాత్రం వదిలేసినారు, పాత బైనరీలు నడవాల గదా). లైబ్రరీల ఏబీఐ (వేరే ప్రోగ్రాములు వాటితో కలిసే బైనరీ పద్ధతి) మారితే పేరూ మార్చాల, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది, దాని మీద ఆధారపడిన వాటినన్నిటినీ వరసపెట్టి మళ్లీ బిల్డ్ చేయాల్సొచ్చింది. ఇట్లా సగం మారి సగం మారక ఉన్నప్పుడు అన్‌స్టేబుల్ (డెబియన్‌లో ఇంకా మారతా ఉండే వెర్షన్) వాడేవాళ్లు అప్‌గ్రేడ్ కొడితే, సగం డెస్క్‌టాప్ తీసేస్తా అని ఆప్ట్ (ప్యాకేజీలు ఎక్కించే టూల్) అడుగుతాది. చదవకుండా వై కొట్టి మళ్లీ నా మీద పడొద్దు, రెండ్రోజులు ఆగండప్పా.

ఇంకొకటి, టెస్ట్ ఫెయిలైతే ఆ టెస్ట్‌ని స్కిప్ చేస్తే సరిపాయ అంటారు. నెట్ అడిగే టెస్టయితే స్కిప్ చేయండి, బిల్డ్‌లో నెట్ వాడకూడదని డెబియన్ పాలసీలోనే ఉంది. మిగతా వాటికి లాగ్ చదవండి, అదీ కింద కనపడే చివరి ఎర్రర్ కాదు, పైనుంచి వస్తే తగిలే మొదటిది.

ఇవేవీ వద్దు, సుడో పిప్ (పైథాన్ ప్యాకేజీల్ని నేరుగా సిస్టమ్‌లోకి ఎక్కించే కమాండ్) కొడితే అయిపోతాది అనేవాళ్లు కూడా ఉన్నారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది మొండికేస్తాది, దాన్ని దాటేదానికి ఇచ్చే ఆప్షన్ పేరే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్, ఇంకెట్ల చెప్పాల? ఒక వెన్వ్ (సిస్టమ్‌ని ముట్టుకోని విడి పైథాన్ ఫోల్డర్) చేసుకోండి, ఒక్క లైను పని.