మిలటరీ బాబాయికి నిద్రెందుకు పట్టదు? అపోహలు - వాస్తవాలు

కోనసీమలో మానసిక వైద్యుడిగా పనిచేసే నా దగ్గరికి మాజీ సైనికులు తమంతట తాము రావడం అరుదు. భార్యో కోడలో తీసుకొస్తారు, అదీ "నిద్రమాత్రలు రాసిస్తే చాలండి" అంటూ. ఈ పోస్టులోని మిలటరీ బాబాయి నేను కల్పించిన మనిషి. 1987లో కుర్ర జవానుగా, అక్కడి అంతర్యుద్ధం ఆపడానికి మన దేశం పంపిన శాంతి సేనతో శ్రీలంక వెళ్ళి, 1990లో తిరిగొచ్చారు. రిటైరయ్యాక కొన్నాళ్ళు బ్యాంకు దగ్గర గార్డుగా చేసి, ఇప్పుడు అమలాపురం పక్క ఊళ్ళో ఉంటున్నారనుకోండి.

అపోహ: టపాసులకు ఉలిక్కిపడితేనే యుద్ధం తాలూకు జబ్బు. మా ఆయనకు అదేం లేదు.

వాస్తవం: శబ్దం ఒక్కటే కాదు. శ్రీలంకలో బాబాయి పనిచేసిన జాఫ్నా అంతా తాటితోపులు, అప్పట్లో రోడ్ల కింద మందుపాతరలు. మన చేలగట్ల మీదా అవే తాటిచెట్లు. కుళాయి పైపు కోసం రోడ్డు తవ్వి కొత్తమట్టి కప్పితే బాబాయి దాని మీదుగా బండి పోనివ్వరు. దిగి, అంచునే నడిపించుకుపోతారు. మనవడు అడిగితే "టైరు జారుద్దిరా" అంటారు. చేనుకి తాటితోపులోంచి దగ్గరదారి ఉన్నా కాలవగట్టు చుట్టూ తిరిగి వెళ్తారు. హోటల్లో గుమ్మం కనపడే కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడతారు. ఇంట్లోవాళ్ళు చాదస్తం అనుకుంటారు. ఒకప్పుడు ప్రాణం కాపాడిన అలవాట్లివి, మెదడు అంత తేలిగ్గా వదులుకోదు.

అపోహ: వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఉంటే అప్పుడే బయటపడేది.

వాస్తవం: ఈ జబ్బుని పి.టి.ఎస్.డి. అంటాం, ప్రాణం మీదికొచ్చిన ఘోరం తాలూకు భయం మనిషిని వదలకుండా వెంటాడటం. అది ఏళ్ళ తర్వాత కూడా ముదరొచ్చు. డ్యూటీ, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళ హడావుడిలో అణిగి ఉన్నది, పనిలేకుండా కూర్చున్నాకో, యూనిట్ స్నేహితుడు పోయాడన్న కబురు వచ్చాకో పైకి లేస్తుంది.

అపోహ: పిరికివాళ్ళకే వస్తుంది.

వాస్తవం: మొదటి ప్రపంచయుద్ధంలో షెల్ షాక్ అన్నదే ఇది. పిరికితనం, పారిపోవడం వంటి నేరాల కింద తాము కాల్చి చంపిన 306 మంది సైనికులకు బ్రిటన్ 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. ఇంకా మనం వెనకబడి ఉంటే ఎలా?

అపోహ: రెండు పెగ్గులు పడితే హాయిగా పడుకుంటారు.

వాస్తవం: పడుకుంటారు, మూడింటికి చెమటలతో లేస్తారు. మందు మొదటి సగం నిద్ర పట్టించి, రెండో సగం చెడగొడుతుంది. క్యాంటీన్ రమ్ము అయినా అంతే. నాకు ఒళ్ళు మండేది ఇంకోటుంది: చీటీ లేకుండా మందులషాపులో కొనే ఆల్ప్రజోలం అనే మత్తుమాత్ర. అది ఈ జబ్బుని తగ్గించదు, అలవాటైపోతుంది, మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు.

అపోహ: ఆ సంగతులు కదిపితే పాత పుండు రేపినట్టే.

వాస్తవం: చుట్టాలు గుచ్చిగుచ్చి అడిగితే నిజమే. శిక్షణ ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం కదపడమే వైద్యం. బాబాయి లాంటివారికి ముందు జరిగింది మెల్లగా చెప్పించుకుంటాం. తర్వాత తాటితోపు ఫొటో, ఆపైన పట్టపగలు తోపు అంచున నిలబడటం, భయం దిగేదాకా అక్కడే ఉండటం, చివరికి లోంచి నడిచి వెళ్ళడం. కొందరికి దిగులు, ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ లాంటి మందు తోడవుతుంది. అందరికీ పూర్తిగా పోతుందని చెప్పను, చాలామందికి బాగా తగ్గుతుంది.

అపోహ: ఇలాంటివాళ్ళతో ఎప్పుడూ ప్రమాదమే.

వాస్తవం: ఎక్కువమంది ఎవరి మీదా చెయ్యి చేసుకోరు. నా టెన్షన్ అంతా తమకు తాము హాని చేసుకుంటారేమోనని. అలాంటి మాట నోట వస్తే తేలిగ్గా తీసుకోకండి, మనిషిని ఒంటరిగా వదలకండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

పీడకలలో అరుస్తుంటే మాత్రం భుజం పట్టి కుదపకండి. ఎదుట శత్రువే ఉన్నాడనుకుని చెయ్యి విసరొచ్చు. లైటు వేసి, మంచం కాళ్ళవైపు నిలబడి "ఏవండీ, మనింట్లోనే ఉన్నాం" అనండి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డున్నవాళ్ళు ముందు తమ పాలీక్లినిక్‌లో చూపించుకుని రెఫరల్ అడగాలి. ఆ పథకంలో భార్యకూ వైద్యం ఉంటుంది, వచ్చేటప్పుడు ఆవిడ కార్డు కూడా తెచ్చుకోండి. ఆయనతో పాటు రాత్రుళ్ళు మేలుకుంటున్నది ఆవిడే.