రాత ఎంత తేలికో కంప్యూటర్ కొలవగలదా? అపోహలు, వాస్తవాలు

తెలుగు రాతలు ఎంత తేలికగా చదవవచ్చో కంప్యూటర్‌తో కొలవడం నా పని. ఉండేది శ్రీకాకుళంలో.

అపోహ: ఇంగ్లిష్ సూత్రం ఉందిగా, తెలుగుకూ అదే చాలు.

వాస్తవం: చాలదు. 1948లో రుడాల్ఫ్ ఫ్లెష్ ఇచ్చిన సూత్రం వాక్యానికి ఎన్ని మాటలో, మాటకు ఎన్ని అక్షరాలు పలుకుతామో చూసి మార్కు వేస్తుంది. వందకు దగ్గరైతే తేలిక, సున్నాకు దగ్గరైతే కష్టం. ‘అమ్మమ్మ పొలానికి వెళ్లి వచ్చింది’ అని ఇచ్చి చూడండి. నాలుగు మాటలు, పన్నెండు అక్షరాలు. వచ్చే మార్కు మైనస్ 51! బడికి వెళ్లని పిల్లకు కూడా తెలిసే వాక్యమిది. మన ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి కాబట్టి మాట పొడవుతో కష్టాన్ని కొలవలేం. ‘రాకపోయినప్పటికీ’లో ఎనిమిది అక్షరాలున్నా అందరికీ తెలుసు. ‘ధృతి’లో ఉన్నవి రెండే, ఎంతమందికి తెలుసు? పైగా ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్ లోపల ఆరు సంకేతాలు. లెక్కపెట్టడం దగ్గరే జాగ్రత్త పడాలి.

అపోహ: వాక్యాలను ముక్కలు చేస్తే సరి.

వాస్తవం: ‘కాబట్టి’, ‘అందుకే’ తెగిపోతే మార్కు పెరుగుతుంది, కారణం మాయమవుతుంది.

అపోహ: వాడుక భాషలో రాస్తే ఇక కొలవనక్కర్లేదు.

వాస్తవం: వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి మా శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ పోరాటం వల్ల మన రాతలో క్రియలు మారాయి. ‘నియంత్రణ’, ‘ఆవశ్యకత’ వంటి బరువైన నామవాచకాలు మాత్రం కరపత్రాల్లో అలాగే కూర్చున్నాయి.

అపోహ: అరుదైన మాటంటే కష్టమైన మాటే.

వాస్తవం: పత్రికల్లో అరుదు అయినంత మాత్రాన ఊళ్లో అరుదు కానక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఇంటింటి మాటైన ఉద్దానం కోసం రాసిన ఒక కరపత్రాన్ని కొలిచాను. నా ప్రోగ్రామ్ ‘క్రియాటినిన్’ను (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే రక్తపరీక్ష) కష్టమైన మాటగా ఎర్రగా చూపింది, ‘ద్రవాహార నియంత్రణ’ను వదిలేసింది, ‘ద్రవాహార’, ‘నియంత్రణ’ రెండూ దాని తెలిసిన మాటల జాబితాలో ఉన్నాయి మరి. అక్కడ జీడితోటలో పనిచేసే ఒక పెద్దమ్మ చేత చదివించాను. ‘క్రియాటినిన్’ను తడబడకుండా చదివి తన అంకె కూడా చెప్పింది. ‘ద్రవాహార’ దగ్గర వేలు ఆగిపోయింది. ‘డాక్టరు చెప్పినన్ని నీళ్లే తాగండి’ అని మార్చి మళ్లీ ఇచ్చాను. ఆగకుండా చదివి, “చారు కూడా నీళ్ల లెక్కలోకే వస్తుందా బాబూ?” అని అడిగింది. వస్తుంది. ఆ మాట కూడా కరపత్రంలో చేర్చాం.