కారు బయటికి రాకపోయినా తిరిగే మీటరు

కార్ల ఫ్యాక్టరీలో ఎనర్జీ ఎక్కడ ఎక్కువ ఖర్చవుతుంది అంటే చాలామంది వెల్డింగ్ రోబోల పేరే చెప్తారు, నిప్పురవ్వలు ఎగిరేది అక్కడే కదా మరి. కానీ అసలు తిండిపోతు పెయింట్ షాపు. చాలా ప్లాంట్లలో మొత్తం ఎనర్జీలో సగం దాకా అదొక్కటే లాగేస్తుంది, అందులోనూ పెద్ద వాటా గాలిదే.

స్ప్రే బూత్‌లో, అంటే బాడీకి రంగు కొట్టే గదిలో, గాలి 23 డిగ్రీల దగ్గర, తేమ 60-65 శాతం దగ్గర ఉండాలి, పైగా పైనుంచి కిందకి ఆగకుండా వీస్తూనే ఉండాలి, లేదంటే బాడీకి అంటని రంగు తుంపర్లు పక్క బాడీ మీద వాలతాయి. బయట ఎండైనా చలైనా అంత గాలినీ సెట్ చేసి లోపలికి పంపి, పాత పద్ధతిలో అయితే ఒక్కసారి వాడి బయటికి తోసెయ్యడమే, అంటే డబ్బులు పొగ గొట్టంలోంచి పోవడం. ఇప్పుడు కొన్ని కొత్త బూత్‌లలో ఫిల్టర్ల మీద సున్నపురాయి పొడి పట్టించి, తుంపర్లని దానికి అంటించేసి, చాలావరకు అదే గాలిని మళ్ళీ తిప్పుతున్నారు. నాకు ఇంకా నచ్చింది ప్రైమర్ ఓవెన్ (రంగు కింద వేసే పూతని విడిగా కాల్చే పొయ్యి) తీసెయ్యడం: తడి ఆరకముందే కోటు మీద కోటు వేసుకుంటూ పోయి చివర్లో ఒకేసారి కాలుస్తారు.

లైన్ ఆగినప్పుడు చూడాలి అసలు కథ. ఓవెన్‌ని అంత ఈజీగా ఆపలేరు, మళ్ళీ వేడెక్కి కుదురుకోడానికి టైం పడుతుంది, అందుకని కార్లు రాకపోయినా అది మండుతూనే ఉంటుంది. రోజుకి తయారయ్యే కార్లు సగానికి పడిపోతే బిల్లు మాత్రం సగం అవ్వదు. అందుకే కారుకి ఇన్ని యూనిట్లు అనే లెక్క ఒక్కటే చూసి ప్లాంట్‌ని మెచ్చుకోవడం నాకు సరిగ్గా అనిపించదు, ఆర్డర్లు పెరిగినా ఆ నంబర్ దానంతటదే తగ్గుతుంది. సెలవు రోజు మీటరు ఎంత తిరిగిందో అడగండి, బండారం బయటపడుతుంది.

ఆ సెలవు రోజు లెక్కలో దొరికే ఒక దొంగ కంప్రెస్డ్ ఎయిర్, అంటే ఒత్తిడి పెట్టి పైపుల్లో పంపే గాలి. కంప్రెసర్‌కి ఇచ్చిన కరెంటులో పనికొచ్చేది 10-15 శాతమే, మిగతాది ఎక్కువగా వేడిగా పోతుంది, మళ్ళీ పట్టించుకోని చోట ఆ గాలిలో 20-30 శాతం లీకులకే సరి. లైన్ గోలలో బుస్సుమనే శబ్దం చెవికి ఆనదు, చెవికి అందని శబ్దాన్ని పట్టే అల్ట్రాసోనిక్ డిటెక్టర్ పట్టుకుని పైపుల వెంట తిరిగితే పాత హోస్ కప్లింగ్ (గొట్టాల అతుకు) దగ్గర లీకు దొరుకుతుంది. ఫ్యాన్లు ఇంకా ఈజీ, స్పీడ్ 20 శాతం తగ్గిస్తే పవర్ దాదాపు సగానికి వస్తుంది, ఎందుకంటే అది స్పీడ్ ఘనంతో మారుతుంది. బ్రేక్ టైంలో తగ్గించినా లాభమే.

ఇక రిపేర్లు. రంగు మీద చిన్న దుమ్ము రేణువు పడితే పాలిష్‌తో పోవచ్చు, పోకపోతే రుద్ది మళ్ళీ రంగేసి మళ్ళీ కాల్చాలి, అదే కారుకి రెండోసారి బిల్లు. కానీ ఎనర్జీ మీటింగ్‌కి క్వాలిటీ వాళ్ళని పిలవాలని ఎవరికీ తట్టదు ఎందుకో!