మెడ అంచు అల, ఫ్రిల్ అల: రెండింటిదీ ఒకటే లెక్క

ఒక పాఠకురాలు అడిగారు: "జెర్సీ గుడ్డతో ఇంట్లోనే ఫ్రిల్స్ బ్లౌజ్ కుట్టుకున్నాను. చదునుగా ఉండాల్సిన మెడ అంచు అలలు అలలుగా లేచింది. అలలుగా ఉండాల్సిన ఫ్రిల్ చప్పగా వేలాడుతోంది. తప్పు గుడ్డదా, నాదా?"

ఈ ప్రశ్న చదివి ఎంత సంతోషం వేసిందో! చూడటానికి ఇవి రెండు సమస్యలు. లోపల ఉన్నది ఒకటే: అంచు పొడవుకీ, అంచు పక్కనే ఉన్న గుడ్డ పొడవుకీ తేడా. ఆ తేడా అక్కర్లేని చోట వచ్చింది, కావలసిన చోట పోయింది.

జెర్సీ అంటే మన బనియన్ గుడ్డే. ఇందులో పడుగూ పేకా (నిలువు, అడ్డం దారాలు) ఉండవు. ఒకే దారం ఉచ్చులుగా మారి, ఒక వరస ఉచ్చుల్లోంచి మరో వరస దూరుతూ గుడ్డవుతుంది. లాగితే సాగేది దారం కాదు, ఉచ్చు ఆకారం మారుతుంది, అంతే. వదిలేస్తే మళ్లీ మొదటి ఆకారానికి వస్తుంది. వదలకుండా అలాగే కుట్టేస్తే?

మిషన్ కింద పళ్లు గుడ్డను ముందుకు తోస్తుంటాయి, పైన పాదం అదిమి పట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య జెర్సీ సాగుతుంది. కంగారులో మనమూ చేత్తో కాస్త లాగుతాం. 60 సెంటీమీటర్ల మెడ అంచు సూది కింద 66కి సాగిందనుకోండి. కుట్టు ఆ 66నే పట్టి ఉంచేస్తుంది. అంచుకి రెండు వేళ్ల దూరంలో ఉన్న గుడ్డ మాత్రం తన కొలతకి వెనక్కి వచ్చేస్తుంది. మరి ఆ 6 సెంటీమీటర్లు ఎక్కడికి పోవాలి? ఏదైనా పలుచని రేకు తీసుకోండి. దాన్ని సాగదీయడానికో నొక్కడానికో కావలసిన బలం మందంతో పాటు మారుతుంది. వంచడానికి కావలసిన బలం మందం ఘనంతో మారుతుంది. మందం సగమైతే మొదటిది సగమవుతుంది, రెండోది ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఉచ్చుల గుడ్డకి ఈ సూత్రం అచ్చంగా సరిపోకపోయినా పోకడ అదే: పలుచనిది ఏదైనా నొక్కుకుపోవడం కంటే వంగిపోవడానికే ఇష్టపడుతుంది. అదే అల.

ప్లాస్టిక్ సంచిని నెమ్మదిగా చింపి చూడండి. చిరిగిన అంచు సాగి, సాగినట్టే ఉండిపోతుంది. దాని మీద అల, అల మీద చిన్న అల, దాని మీద ఇంకా చిన్నది! ఎరాన్ షారోన్, మైఖేల్ మార్డర్, హ్యారీ స్విన్నీ తదితర భౌతిక శాస్త్రవేత్తలు 2002లో నేచర్ పత్రికలో దీన్నే వివరించారు.

ఇక ఫ్రిల్. గుండ్రటి ఫ్రిల్ కోసం గుడ్డని గాజులాగా, మధ్యలో రంధ్రంతో కోస్తాం. లోపలి వ్యాసార్థం 5, వెడల్పు 5 సెంటీమీటర్లు అనుకుందాం. లోపలి చుట్టు 31.4, బయటి చుట్టు 62.8. గాజుని ఒకచోట కత్తిరించి, లోపలి అంచుని తిన్నగా చేసి మెడకి కుడితే, ప్రతి సెంటీమీటరుకీ బయట 2 సెంటీమీటర్లు. లోపలి వ్యాసార్థం 10 చేస్తే 62.8కి 94.2, అంటే ఒకటిన్నర రెట్లే. తమాషా ఏమిటంటే రెండింటిలోనూ తేడా అదే 31.4. వెడల్పు మారనంత వరకు రంధ్రం ఎంతదైనా ఆ తేడా మారదు. బడిలో 2πr చెప్పే రోజున పిల్లల చేతికి కాగితం, కత్తెర ఇచ్చి ఒక్క ఫ్రిల్ కోయిస్తే చాలు, ఆ సూత్రాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

పాఠకురాలి ఫ్రిల్ ఎందుకు చప్పబడిందో ఇప్పుడు ఊహించవచ్చు. 31.4 లోపలి అంచు మెడ చుట్టూ చాలక, అందులో 45 సెంటీమీటర్ల మేర లాగి కుట్టి ఉంటారు. జెర్సీ అడ్డు చెప్పదు కదా! 62.8ని 45తో భాగిస్తే 1.4. అల అక్కడే చచ్చిపోయింది.

ఇంకో రకం ఫ్రిల్ ఉంది, నాకు మరీ ఇష్టం. అంచుని కావాలనే లాగి పట్టుకుని దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్ కుడితే వంకీలు తిరిగిన లెట్యూస్ ఆకులాంటి అంచు వస్తుంది. మెడ దగ్గర పొరపాటుగా జరిగిందే ఇక్కడ అలంకారం. గాజులా కోసిన ఫ్రిల్‌ని విప్పి బల్ల మీద పరిస్తే చదునుగా పడుకుంటుంది. లెట్యూస్ అంచు ఎంత అదిమినా పడుకోదు, ఎందుకంటే ఇక్కడ గుడ్డ కొలతలే మారిపోయాయి. ఇలా చదునుగా పరవలేని, జీను ఆకారంలో వంగిన తలానిది గణితంలో ఋణ వక్రత అంటారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్రవేత్త డైనా టైమినా 1997లో ఇలాంటి తలాన్నే క్రోషేతో అల్లి విద్యార్థుల చేతుల్లో పెట్టారు. పడుగూ పేకా ఉన్న గుడ్డ దారాల వెంట ఇంతగా సాగదు, జెర్సీకి ఇది సులువు. కొందరి చేతికి మాత్రమే ఇలాంటి అంచు వస్తుందనీ, అదంతా హస్తవాసి అనీ అంటుంటారు. కాదు, ఎంత లాగామన్నదే ముఖ్యం. అది ఎవరైనా కొలిచి నేర్చుకోవచ్చు.

సూది మొన గుండ్రంగా ఉన్నది వాడండి, అది ఉచ్చులను తెంపకుండా పక్కకు తప్పిస్తుంది. కుట్టు సన్నని జిగ్‌జాగ్ అయితే మంచిది: 2 మిల్లీమీటర్లు ముందుకి, 1.5 పక్కకి వెళ్తే దారం నడిచేది 2.5. అంటే గుడ్డతో పాటు మరో 25 శాతం సాగే వీలు కుట్టులోనే దాగి ఉంటుంది. తిన్నటి కుట్టుకి ఆ వీలు లేదు, తల దూర్చగానే తెగుతుంది.

మెడ కుట్టు విప్పి, గుడ్డని లాగకుండా ఆవిరి పట్టండి, ఉచ్చులు చాలావరకు సర్దుకుంటాయి. పాదం ఒత్తిడి తగ్గించి మళ్లీ కుట్టండి. 60 సెంటీమీటర్ల మెడకి 5 వ్యాసార్థం గాజులు రెండు కోసి కలిపితే 62.8 వస్తుంది. అతుకులకు పోగా సరిగ్గా సరిపోతుంది, లాగే పనే ఉండదు.